తొట్టి దగ్గరి చెల్లెలు

అల్లికల గదిలో పదకొండు కుర్చీలుండేవి. పన్నెండో మనిషికి మాత్రం బట్టలుతికే తొట్టి ఉండేది. ఆ మనిషిని అందరూ తొట్టమ్మ అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకే గుర్తుందో లేదో. మొగుడు వదిలేస్తే సొంత అక్కే చేరదీసింది. ఆ గదికి పెద్ద కూడా ఆ అక్కే. చేరదీసిన సంగతి రోజుకు రెండుసార్లయినా పదిమందిలో ఎత్తిపొడవకపోతే అక్కగారికి తిన్నది అరిగేది కాదు.

పద్దెనిమిదేళ్ళుగా తొట్టమ్మది ఒకటే పని. అల్లిన స్వెటర్లు చన్నీళ్ళలో నానబెట్టడం, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదమడం, బల్లమీద పరిచి కొలతకు సర్ది నీడన ఆరబెట్టడం. వేణ్ణీళ్ళు తగిలితే ఉన్ని ముడుచుకుపోతుంది కాబట్టి చలికాలమూ చన్నీళ్ళే. ఉన్నికి ఏ లోటూ రాలేదు, ఆవిడ వేళ్ళే పగిలిపోయేవి. ఆవిడ కోరికల్లా ఆ కుర్చీల్లో ఒకటి.

అలాంటి కుర్చీ ఒకటి ఖాళీ అయింది. తొట్టమ్మ నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని అల్లిన నీలం స్వెటర్ తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది. ఆ గదిలో ఒక రివాజు ఉంది. తప్పు దొరికితే గదికి పెద్దయిన అక్క అందరి ముందూ దారం కొస పట్టి మొత్తం లాగేస్తుంది. అల్లినవాళ్ళే ఎదురుగా కూర్చుని ఆ దారాన్ని ఉండ చుట్టాలి.

అక్క వేళ్ళతో తడిమింది. "మెడ దగ్గర ఒక కుట్టు ఎక్కువుంది."

"లేదక్కా. మూడుసార్లు లెక్కపెట్టాను."

"నాకే నేర్పుతున్నావా? చుట్టు."

నాలుగు నెలల పని గంటలో ఉండయింది. ఎక్కువ కుట్టేమీ లేదని పక్క కుర్చీలవాళ్ళకు తెలుసు, అయినా తలొంచుకుని ఎవరి అల్లిక వాళ్ళు అల్లుకున్నారు. తొట్టమ్మకు ఇంకో సంగతి కూడా తెలుసు. అక్కకు చూపు మందగించి మూడేళ్ళయింది. ఆవిడ జారవిడిచిన కుట్లన్నీ తడిలో బయటపడేవి. తొట్టమ్మ క్రోషా సూదితో వాటిని ఎత్తి, వరసలో కలిపి, గుట్టుచప్పుడు కాకుండా ఆరబెట్టేది. అక్క పరువు పోతే తను తలదాచుకునే చోటు పోతుందని భయం.

ఆ వారమే అక్క అల్లిన తెల్ల కోటు తొట్టిలోకి వచ్చింది. భుజం దగ్గర కుట్టు జారి ఉంది. తొట్టమ్మ చక్కగా ఉతికింది, చక్కగా అదిమింది, చక్కగా ఆరబెట్టింది. సూది మాత్రం ముట్టలేదు. చాలా ఏళ్ళకు ఆవిడ కడుపు చల్లబడింది.

గది యజమానురాలైన మేడం వచ్చి కోటు ఎత్తి విదిల్చేసరికి, కుట్టు భుజం నుంచి నడుము దాకా నిచ్చెనలా జారిపోయింది.

"ఉతకడంలో పాడుచేసింది. మొదట్నుంచీ దాని చేతులు మొరటు" అంది అక్క తడుముకోకుండా.

తొట్టమ్మకు ఒళ్ళు మండింది. "మొరటా? మూడేళ్ళుగా నీ తప్పులు దిద్దుతున్నది ఈ చేతులే అక్కా" అంది. క్రోషా సూది తీసి, అందరూ చూస్తుండగా, జారిన కుట్టును అడుగు నుంచి ఒక్కో వరసా ఎక్కిస్తూ భుజం దాకా తెచ్చి ముడేసింది. కోటు మేడం చేతికిచ్చింది. కుర్చీ ఇక తనదే అనుకుంది, పాపం.

మేడం బొటనవేలితో రుద్ది రుద్ది చూసింది. జారిన చోటు ఎక్కడో దొరకలేదు.

"ఇంత పనితనం ఇన్నాళ్ళూ దాచిపెట్టావేమ్మా? అల్లేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. నిన్ను కుర్చీలో కూర్చోబెడితే ఇదెవరు చేస్తారు? ఇకనుంచి అందరి తప్పులూ నువ్వే చూసుకో. తొట్టి దగ్గరే ఉండు." తర్వాత అక్కవైపు తిరిగి, "మీరు కానివ్వండి" అంది.

మర్నాడు ఖాళీ కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుంది. అక్క కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నది కాస్తా మానుకుంది. ఇప్పుడు కుట్టు జారినట్టు వేలికి తెలిసినా ఆగదు. "చెల్లి చూసుకుంటుందిలే" అని పై వరసకు వెళ్ళిపోతుంది. మిగతా పదిమందీ ఆ మాట తొందరగానే నేర్చుకున్నారు.