తీగ సాగని నూనె

మొయినాబాదు నుండి చేవెళ్ళకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే భూపాల్, కోపం వచ్చినప్పుడు చేతిలోని పానాను ముందుగా నేల మీద పెట్టి, ఆ తరువాతనే నోరు తెరిచేవాడు. అది ఎదుటివాని క్షేమం కోరి చేసే పని. రెండువేల తొమ్మిదవ సంవత్సరం చివర, చలికాలంలో, ఆ పానా చాలాసార్లు నేలకు దిగింది.

గచ్చిబౌలి కంపెనీల ఉద్యోగులను తెల్లవారుజామునే ఆఫీసులకు చేర్చే కార్లు అప్పటికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నలభైకి పైగా ఉండేవి. భూములకు ధర వచ్చిన తరువాత నాగలి విడిచి స్టీరింగు పట్టినవారే వాటి యజమానులు. ఆ కార్లన్నీ భూపాల్ చేతిమీదుగానే నడిచేవి. ఇరవై ఏళ్ళు కష్టపడి అతడు సంపాదించుకున్నది నిజాయితీపరుడన్న పేరొక్కటే. కనకమామిడి ఊరి డ్రైవరు అంతయ్య ఒక్క పూటలో దానికి మసి పూశాడు.

అంతయ్య కొత్తగా కొన్న డీజిల్ కారులో భూపాల్ ఆ కారు పుస్తకంలో రాసి ఉన్న ప్రకారమే, ‘అయిదు డబ్ల్యూ ముప్పై’ అని ముద్రించిన డబ్బా విప్పి ఇంజన్ నూనె పోశాడు. అంతయ్య ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కి, బెల్లం పాకం ముదిరిందో లేదో చూసినట్టు సాగదీశాడు. తీగ సాగలేదు. షెడ్డులో నోరు మెదపలేదు. తిన్నగా ఛాయ్ హోటలుకు పోయి పదిమందిలో నోరు విప్పాడు.

“భూపాల్ నీళ్ళ ఆయిల్ పోస్తుండు. డబ్బ కొత్తది, లోపలి సరుకు దొంగది.”

ఆ రోజే చేవెళ్ళకు పోయి, ఒక దుకాణంలో ‘ఇరవై డబ్ల్యూ యాభై’ డబ్బా కొని, పాత ట్రాక్టర్లకు పోసే ఆ చిక్కని నూనెను తన కారుకు పట్టించాడు. నెల తిరగకుండానే భూపాల్ షెడ్డు ముందు కార్లు ఆగడం మానేశాయి. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. అదే అతన్ని మరింత మండించింది.

“నూనె మీది కోపం నా మీద ఎందుకు? పోయి ఆ అంతయ్య మీద ఎళ్ళగక్కు” అన్నది భార్య రేణుక.

“నేను పోతే వాడు దవాఖానకు పోతడు” అన్నాడు భూపాల్.

చలి ముదిరింది. అంతయ్య తెల్లవారుజామున నాలుగున్నరకు కారెక్కి, అద్దం ముందరి దేవునికి దండం పెట్టి, ఇంజన్ గర్జించేదాకా మూడుసార్లు యాక్సిలరేటరును అదిమి తొక్కేవాడు. ‘గొంతు సాఫ్ చేసుడు’ అని దానికి పేరు. చలికి బిగుసుకున్న చిక్కని నూనె పైకి చేరకముందే ఇంజన్‌కు గాలి ఊది బలమిచ్చే టర్బోలోని ఇరుసు గిర్రున తిరిగేది. ఒక ఉదయం ఎంకపల్లి మలుపులో కారు ఈల వేసినట్టు అరిచి, నీలిరంగు పొగ కక్కి, బలం చచ్చి నిలిచిపోయింది. డ్రైవర్లు దాన్ని దగ్గరలో ఉన్న భూపాల్ షెడ్డుకే లాక్కొచ్చారు.

“చూసిన్రా! అప్పుడు పోసిన నీళ్ళ ఆయిల్ ఇప్పుడు ఇంజన్ తిన్నది” అని అంతయ్య అందరి ముందు అరిచాడు.

పానా నేలకు దిగింది.

“నేను పోసింది నువ్వు ఒక్క దినం కూడ ఉంచలేదు. దొంగ అన్నవు! ఎట్ల అన్నవు? ఏం చూసి అన్నవు?”

“తీగె చూసి అన్న! తీగె సాగకుంటే ఆయిల్ ఖరాబైనట్టే అని చెప్పిందెవరు? మా బాయి కాడ ఇంజన్ బాగు చేస్తందుకు వచ్చి, మా బాపుకు, నాకు, ఏలు పట్టి నేర్పింది నువ్వు కాదా?”

నిజమే. బావి ఇంజన్లు బాగుచేసే రోజుల్లో, నూనెలో డీజిల్ కలిసిందో లేదో తెలుసుకోవడానికి ఆ పరీక్షను ఊరూరా నేర్పింది భూపాలే. ఆ ఇంజన్లు పట్టపగలు నడిచేవి. వాటికి చిక్కని నూనే పోసేవారు. కాలం మారిందని తాను తెలుసుకున్నాడు కాని, నేర్పినవారి దగ్గరకు మళ్ళీ పోయి చెప్పలేదు. ఇప్పుడు ఆ కోపానికి రెండు మొనలు ఏర్పడ్డాయి. ఒకటి తన వైపే తిరిగి ఉన్నది.

“రేపు పొద్దుగాల ఆరు గంటలకు అందరు రాండ్రి” అన్నాడు పళ్ళ నడుమ నుండి. “రానోడు నా షెడ్డు ముంగట మళ్ళ నడవొద్దు.”

ఆ సాయంత్రం రెండు సోడా సీసాలలో రెండు నూనెలు పోసి రాత్రంతా చలి తగిలేలా షెడ్డు రేకు మీద పెట్టాడు. తెల్లవారి అందరూ తలలకు మఫ్లర్లు చుట్టుకొని వచ్చారు. వాలుగా నిలిపిన మరో రేకు మీద రెండింటినీ ఒకేసారి వంచాడు. పలచని నూనె నేలను తాకేసరికి చిక్కనిది ఇంకా సగం దూరం కూడా దిగలేదు.

“డబ్బ మీద ముందు అంకె సలిది. అది ఎంత చిన్నగుంటే సలిల ఆయిల్ అంత జల్ది ఉరుకుతది. ఎనక అంకె ఇంజన్ కాగినంక ఎంత చిక్కగ నిలుస్తదో చెప్తది. అంతయ్యా, నీ చిక్కని ఆయిల్ పైకి ఎక్కేలోపట నువ్వు మూడుసార్ల తొక్కితివి. టర్బోను చంపింది నీ కాలు.”

“మరి తీగె?” అన్నాడు అంతయ్య, మొండిగానే.

భూపాల్ రెండు నూనెలనూ స్టవ్వు మీద వేరువేరు గిన్నెలలో కాచాడు. “నా గిన్నెలు బొందల పెడుతున్నవు” అని ఇంటి నుండి వాటిని తెచ్చిచ్చిన రేణుక గొణిగింది. గరిటెతో ఎత్తి పోస్తే రెండూ నీళ్ళవలెనే జారాయి.

“ఏది నీ తీగె? ఇంజన్ల నడిచేది గిట్లనే. తీగె ముచ్చట నేనే చెప్పిన. గా దినాలకు ఒప్పు, ఈ బండికి తప్పు. మళ్ళ వచ్చి చెప్పకపోవుడు నా తప్పు. కాని దొంగ అన్నది నువ్వు.”

అంతయ్య తల వంచాడు. “తప్పైంది అన్న.”

“నాకెందుకు చెప్తున్నవు? నేను దొంగను కానని నాకు ఎరుకే. యాడ అన్నవో ఆడికే పోయి అను.”

అంతయ్య పోయాడు, డ్రైవర్లంతా అతని వెనుకనే పోయారు. ఛాయ్ హోటలులో ఏమన్నాడో వినడానికి భూపాల్ పోలేదు. ఆ మధ్యాహ్నానికి షెడ్డు ముందు రెండు కార్లు ఆగాయి. అప్పటికి అతడు అంతయ్య కారు బానెట్ ఎత్తి, తిట్టుకుంటూనే టర్బో విప్పుతున్నాడు.

వచ్చినవారిలో ఒకడు తన కారు నూనె చూసే కడ్డీని బయటికి లాగి, అలవాటు కొద్దీ ఒక చుక్కను వేళ్ళ నడుమ సాగదీశాడు.

భూపాల్ పానాను నేల మీద పెట్టాడు. వచ్చినవాడు గబగబా చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.