ఆగ్నేయంలో ఎర్త్ గుంత

కొత్తింటి కరెంటు పనికి ఎంతవుతుందో ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం నా దాకా రాలేదు. మా ఆయన చూశాడు, మా అత్త చదివించుకుంది, వాస్తు చూసే ఆయన కూడా కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. పిండి రుబ్బుకునేదాన్ని, నాకెందుకట! కాళహస్తిలో పదకొండేళ్లుగా దోసెపిండి రుబ్బి అమ్ముతున్నాను. ఆ ఇంటి గోడల్లో సగం ఆ పిండి డబ్బులే. అలాంటిది, కాగితం చూడాలంటే మా ఆయన చొక్కా జేబు వెతకాల్సి వచ్చింది.

ఎలక్ట్రీషియన్ పాయింటుకింత అని లెక్కేసి రాశాడు. హాల్లో సీలింగు చుట్టూ రంగుల లైట్లు, గేటు స్తంభాల మీద రెండు గుండ్రటి దీపాలు, టీవీ గోడకు నాలుగు ప్లగ్గులు. అన్నీ బాగున్నాయి. ఆఖరున ‘ఎర్త్ గుంత, పైపు, బొగ్గు, ఉప్పు’ అని రాసిన వరస మీద మాత్రం ఎర్రసిరాతో గీత కొట్టి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకో చెప్పాలి. అప్పట్లో మేమున్న అద్దె ఇంట్లో, లీకైన కరెంటును భూమిలోకి దింపే ఎర్త్ లేదు. గ్రైండర్ ముట్టుకుంటే జిల్లుమనేది. ఓనరుకు చెబితే చెప్పులేసుకుని రుబ్బుకోమన్నాడు. పిండి రుబ్బే చోట నేల ఎప్పుడూ తడే. ఒక వానాకాలం పొద్దున పిండి తీద్దామని డ్రమ్ము పట్టుకున్నాను, అంతే, ఎవరో విసిరేసినట్టు పోయి గోడకు పడ్డాను. రెండు రోజులు ఎడమ చేతిలో గ్లాసు నిలవలేదు. మూడో రోజు మళ్లీ అదే గ్రైండర్ ముందు కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను, తెల్లారేసరికి హోటళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని వాకిట్లో ఉంటారు. రోజూ స్విచ్చి వేసేటప్పుడు గుండె దడదడలాడేది. సొంతిల్లు కట్టుకుంటే ఈ భయం పోతుందనే కదా పైసా పైసా కూడబెట్టింది!

కొత్తింటి దగ్గరికే పోయి కాగితం మా ఆయన ముందు పెట్టాను. “ఇది ఎవురు కొట్టేసినారు?”

“మీటరు ఆగ్నేయంలో ఉండాది మే. గుంత దాని పక్కనే తవ్వాల. ఆగ్నేయంలో గుంత పడకూడదంట. ఈశాన్యంలో వేద్దామంటే ఇల్లంతా చుట్టుకోని వైరు లాగాల, అదింకో ఖర్చు. అందుకే వద్దనుకున్నాము,” అన్నాడు.

“గేటు మీద దీపాలకు ఉండే డబ్బులు దీనికి లేవా?”

“అవి పదిమందికి కనపడేవి గదా.” పాపం, ఆయనకు అబద్ధం చెప్పడం రాదు.

మా అత్త అందుకుంది. “ఆగ్నేయంలో గుంత ఉంటే ఇంట్లో ఆడోళ్లకు ఆపదంట. నీ మంచికే గదమ్మా సెప్తాండేది.”

“కరెంటు కొడితే సచ్చేది ఎవురత్తా? ఆ ఇంట్లో గోడకు పడింది ఎవురు? వాస్తాయన వచ్చి గ్రైండర్ కాడ కూసుంటాడా?”

“నోరు ముయ్యి! శుభమా అని ఇల్లు కట్టుకుంటా ఉంటే సావు మాటలు!”

పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. “అక్కా, ఈ వీధిలో సగం ఇండ్లకు ఎర్త్ లేదు. పేరుకు మూడో వైరు బోర్డులో పెట్టి, భూమిలోకి దించకుండా వదిలేస్తాము. అందరూ బాగానే ఉండారు గదా.”

“బాగుండారో లేదో వాళ్లనడుగు. నేను మాత్రం బతికుండాల.”

మర్నాడు మా ఆయన సూళ్లూరుపేట వైపు కంపెనీ బస్సెక్కగానే, చెంగు దోపుకుని మీటరు పక్కన గడ్డపార వేశాను. సరిగ్గా ఆగ్నేయంలోనే, దాపరికం ఏముంది! మా అత్త గడపలో నిలబడి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిట్టనీ. మొలలోతు దిగాక గట్టినేల తగిలింది. ఎదురు స్థలంలో పునాదులు తవ్వుతున్న కూలాయన్ని పిలిచి మిగిలింది తవ్వించాను. ఇస్త్రీబండి ఆయన దగ్గర రెండు గోతాల బొగ్గు కొన్నాను. రాళ్లుప్పు మూట నెత్తిన పెట్టుకుని తెచ్చాను. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి, “గేటు మీది దీపాలు కొట్టేయప్పా. ఆ డబ్బుతో పైపు, రాగి తీగ పట్టుకోని రా. నువ్వు రాకుంటే ఇంకొకర్ని పిలుస్తా,” అన్నాను. గంటలో వచ్చాడు.

సాయంత్రం మా ఆయన దిగేసరికి గుంత పూడ్చడం కూడా అయిపోయింది. బొగ్గు మసి పట్టిన నా మొహం చూసి, “ఏందే ఇది!” అన్నాడు. నేను మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాను. వాస్తు చూసే ఆయన అలిగి గృహప్రవేశానికి రానన్నాడు. ఒక విస్తరి మిగిలింది, అంతే.

కొత్తింట్లో ఆరు నెలలు గడిచాయనుకుంటా. ఒక పొద్దున పిండి గిన్నెలు హోటలుకు ఇచ్చి రావడానికి నాకు ఆలస్యమైంది. నానిన బియ్యం పులిసిపోతాయని మా అత్తే గ్రైండర్ దగ్గరికి పోయింది. కాళ్లకు చెప్పుల్లేవు, కింద నీళ్లు. నేను గేటు తీస్తుండగా “ఓయమ్మా!” అని కేక వినపడింది. స్విచ్చి వేసి డ్రమ్ము మీద చెయ్యి పెట్టిందో లేదో, మెయిన్ బోర్డులో ఠప్పుమని స్విచ్చి పడిపోయి ఇల్లంతా కరెంటు పోయింది. ఎట్లా పరుగెత్తానో నాకే తెలీదు. మనిషి నిలబడే ఉంది. బిత్తరపోయి చూస్తోంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు విప్పాడు. లోపల వైరు కాలి గ్రైండర్ ఇనుముకు అతుక్కుని ఉంది. “కరెంటు ఎర్త్‌లోకి పోబట్టి మెయిన్ పడిపోయింది. ఎర్త్ లేకుంటే పెద్దమ్మ ఈ పొద్దు...” అని ఆపేశాడు.

మా అత్త మెట్టు మీద కూర్చుని తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. “గుంత వద్దని గట్టిగా అన్నింది నేనే గదా,” అంది నెమ్మదిగా.

పోనీలే అత్తా అనాలేమో, ఇంకెవరైనా అయితే అనేవాళ్లేమో. నేననలేదు.

“అవునత్తా, నువ్వే అన్నావు,” అన్నాను. అంటూనే ఆమె చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఎలక్ట్రీషియన్ సామాను సర్దుకుని వెళ్లిపోయాక కూడా వదల్లేదు.