జాములో నాటకం చెప్పిన మేడం

మా ఇంగ్లిష్ మేడం పోయారన్న కబురు నాకు ఇక్కడ గల్ఫులో, రూవిలో స్కూలు బస్సు స్టార్ట్ చేస్తుండగా వచ్చింది. తెల్లవారుజామున గుండెపోటట. "పిల్లలకు చెప్పకు, స్కూల్లో ప్రిన్సిపాల్ చెప్తారు" అన్నాడు ఫోనులో బస్సుల ఇన్‌చార్జి. ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే ముద్ద దిగని మనిషిని నేను. అలాంటివాణ్ని నోరు కట్టుకొమ్మన్నాడు.

తొమ్మిదేళ్లు ఆవిడ నా వెనక సీట్లోనే కూర్చున్నారు. ట్రాఫిక్ జాములో బస్సు ఆగితే చాలు, పెద్ద క్లాసుల పిల్లలకు నాటకం మొదలుపెట్టేవారు. రాజును చంపి గద్దెనెక్కిన సేనాపతి కథ, వందల ఏళ్లనాటి ఇంగ్లిష్ విషాదం. ఏడో తరగతి తప్పిన నాకు కూడా ఎక్కేలా చెప్పేవారు.

"సేనాపతి మంచోడేనండి. అర్బాబ్ కుర్చీ మీద కన్ను పడింది, అంతే."

ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటాం. ఆ ఒక్క మాటతో మా కంపెనీ మొత్తం నా కళ్లముందు వేషాలు కట్టి నిలబడింది.

హత్య ఘట్టం వస్తే, సరిగ్గా కత్తి దిగే చోట నేను బ్రేకు తొక్కేవాణ్ని. పిల్లలు కెవ్వుమనేవాళ్లు. ఫ్లాస్కు మూతలో టీ చీర మీద ఒలికినా ఆవిడ తిట్టేవారు కాదు. "ఈ టైమింగు మా పిల్లలకుంటే బావుణ్ణు" అనేవారు. ఈ దేశంలో నన్ను 'గారూ' అని పిలిచింది ఆవిడొక్కరే.

ఈ ఏడు ఆ నాటకాన్ని స్కూల్లో వేయిస్తూ, బస్సులోనే పిల్లలతో మాటలు చెప్పించేవారు. ఓ రోజు, రాణి చావు కబురు తెచ్చే భటుడి వేషం పిల్లవాడు రాలేదు.

"డ్రైవరు గారూ, ఆ మాట మీరు చెప్పండి."

"రాణి ఖలాస్ సార్" అన్నాను. డ్యూటీ అయినా డీజిలయినా, అయిపోయిన దేనికైనా మాకిక్కడ అదే మాట. బస్సంతా పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వి, కళ్లద్దాలు తుడుచుకుని మెల్లగా అన్నారు: "భటుడి పేరు ఎవరికీ గుర్తుండదండి. కానీ వాడు నోరు విప్పేదాకా వినేవాళ్లకు రాణి బతికే ఉంటుంది. అంచేత కాస్త నిదానంగా చెప్పాలి."

మేడం పోయిన కబురు వచ్చిన పొద్దున, అలవాటుకొద్దీ ఆవిడ స్టాపులో బస్సు ఆపాను.

"మేడం ఏరి అంకుల్?" అంది రాణి వేషం కడుతున్న అమ్మాయి.

"మీకు చెప్పి చెప్పి అలిసింది బిడ్డా, ఇంక లేవలే."

నా నాలుక నాకంటే ముందు ఉరుకుతుంది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు వీపు మీద చీమల్లా పాకింది. బస్సు కదిలించాను. అద్దంలో చూస్తే ఆ పిల్ల సంచిలో దాచిన ఫోను తీస్తోంది.

"ఎవరికమ్మా?"

"మేడంకే. నేను లేపుతా. ఇవాళ రిహార్సల్ కదా."

మేడం ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో మోగుతుంది? భర్త చేతిలోనా, కొడుకు చేతిలోనా? నా ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఎర్రలైటు పడింది. బస్సు ఆపి వెనక్కి తిరిగాను.

"చెయ్యకు బిడ్డా. ఇందాక నేను అబద్ధమాడిన. మేడం తెల్లారంగ చనిపోయింది."

ఆ పిల్ల సీట్లోంచి ముందుకు వంగింది.

"జోకా అంకుల్?"

ఇన్నేళ్లు నేను వేసిన వేషాలన్నింటికీ అదీ బదులు. "కాదు" అన్నాను. చాలలేదు. "కాదు బిడ్డా" అన్నాను మళ్లీ.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆ పిల్ల బొటనవేలు ఇంకా ఫోను మీదే ఉంది. నా మొహంలో ఎక్కడైనా నవ్వు దాగి ఉందేమోనని వెతుకుతూనే ఉంది.