మాతను చిన్నగా వేసిన తెర

2018, తమిళనాడు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక నా పెయింటింగ్ షెడ్డు. ఫ్లెక్సులు మా పని తినేసినా, పెళ్లి స్టేజీకి చేత్తో వేసిన తెరే కావాలనేవాళ్లు ఇంకా ఒకరిద్దరు వచ్చేవారు. ఇటలీలో ఆర్నెల్లు నేర్చుకున్నానని వాళ్లకు చెప్పేవాణ్ణి. మీకూ అదే చెబుదామనుకున్నాను గానీ, నేను తూత్తుకుడి దాటింది లేదు. నా గురువు అక్కడి ఒక పాత చర్చి గోడ మీది బొమ్మ.

ఆ ఫ్యాక్టరీ మేస్త్రీ అంతోణి కేథలిక్కు. కూతురు స్టెల్లా పెళ్లికి తెర అడిగాడు, అందులో మేరీ మాత ఉండాలన్నాడు. నేను స్తంభాల హాలు గీశాను. గీతలన్నీ దూరాన ఒక్క చోట కలుస్తాయి. దాన్ని వానిషింగ్ పాయింట్ అంటాం. సరిగ్గా అక్కడ, తెరిచిన తలుపులో, జానెడు మాతను నిలబెట్టాను.

అంతోణి మొహం ముడుచుకున్నాడు. "ఏమి అన్నాచ్చీ, కౌన్సిలర్ కటౌట్ మేడంత ఉండాది. మా మాతను చీమ చేస్తివే."

"దూరంగా ఉండాదప్పా. దగ్గరుంటే పెద్ద, దూరముంటే చిన్న. రాజైనా అంతే."

ఐరోపాలో ఒకప్పుడు మన కటౌట్ల పద్ధతే. గొప్పవాడు పెద్దగా, మామూలువాడు చిన్నగా. తరవాత ఇటలీ చిత్రకారులు, నేల మీద నిలబడ్డ మనిషి కంటికి కనబడినట్టే వేయడం మొదలుపెట్టారు. అదంతా చెప్పాను. అంతోణికి ఎక్కలేదు.

ఇంతలో విరుదునగర్ నుంచి కబురు. పెళ్లికొడుకువాళ్లు ప్రొటెస్టెంట్లు. తల్లిలేని పిల్లవాణ్ణి పెంచిన అవ్వ, స్టేజీ మీద బొమ్మ ఉంటే మండపంలో కాలు పెట్టనంది. అవ్వ రాకపోతే తాళి కట్టనన్నాడు అతను. మాతను తీసేస్తే తానే రానన్నాడు అంతోణి.

మాత మా తీరానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. బొమ్మలొద్దు, గ్రంథం చాలు అన్నవాళ్లు ఆ తరవాతి ఓడల్లో వచ్చారు. ఐరోపా తరతరాలుగా కొట్టుకున్న తగువు నా షెడ్డులో తేలాల్సి వచ్చింది. ఒక్క మాటతో తేల్చానని ఊరంతా చెప్పుకున్నాను. తేల్చింది నేను కాదు, స్టెల్లా.

తండ్రిని వెంటబెట్టుకొచ్చి తెర ముందు నిలబడింది. "నాయనా, మన ఇంట్లో మాత ఎంత ఎత్తు?"

"జానెడు."

"ఎన్నడైనా చిన్నదిగా తోచెనా నీకు?"

అంతోణి తెర మీది మాత పక్కన తన జాన పెట్టి చూశాడు.

"ఆమెను ఇంట్లోనే మొక్కి బయలుదేరతాను. ఆ అవ్వ రేపటి నుంచి నాకూ అవ్వే గదా."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తుడిచేయి అన్నాచ్చీ. తలుపు మాత్రం మూయొద్దు."

తలుపు అవతల ఆకాశం వేశాను.

పెళ్లినాడు ముందు వరసలో కూర్చున్న అవ్వ నన్ను పిలిచింది. "ఏమయ్యా, అందరి కండ్లూ ఆ తలుపుకాడికే పోతా ఉండాయి. అవతల ఏముండాది?"

ఇటలీ నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా పక్కనున్న అంతోణి, "మా ఇల్లు ఉండాదమ్మా," అన్నాడు.

అవ్వ అతణ్ణి ఎగాదిగా చూసింది. పక్క కుర్చీ మీది తన చేతిసంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నిలబడే ఉండావే. కూసో."

ఈ విద్యలో మొదటి పాఠం, చూసే కన్ను ఎక్కడుందో తేల్చుకోవడం. అంతకాలం ఒక్క కన్ను అనుకునే గీశాను, అదీ నాదే. పెళ్లి తెర ముందు రెండు వైపులవాళ్లు కూర్చుంటారు. ఇప్పుడు రెండిళ్లకూ వెళ్లి, టీ తాగి, ఆ తరవాతే గీత గీస్తున్నాను.