మిల్లు బ్యాండుకు నా చెవులు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు నలిపే మిల్లు దగ్గర పనిచేసినవాళ్ళు మాట్లాడరు, అరుస్తారు. కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయన మా ఇంట్లో అంటే, పక్క క్వార్టరు ఆమె గిన్నెలో ఉప్పు పోసుకుని వచ్చేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరమే నా పెళ్ళి. జక్రాన్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇంట్లో పుట్టినదాన్ని. కొత్తలో ఆయన గొంతు విని, ఈ మనిషికి నేనంటే ఎందుకింత కోపమని బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. చివరికి మా అత్తే నవ్వి అసలు సంగతి చెప్పింది.

"కోపం గాదు బిడ్డా. మిల్లుల ఫిట్టరు గదా, చెవులు జర మందమైనయి. గట్టిగ మాట్లాడుతున్ననని ఆనికే తెల్వది."

అలాంటి చెవులు పెట్టుకుని ఆ మనిషి బ్యాండు పెట్టాడు. పెట్టడమే కాదు, మా పిల్లలు పుట్టి పెరిగినంత కాలం నడిపాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క గర్వం.

మొదట్లో ఆయన వాయించింది బుల్‌బుల్ తారా, తీగల మీద మీటలు బిగించిన చిన్న చెక్కపెట్టె. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, క్వార్టరు మెట్ల మీద ఒళ్ళో పెట్టుకుని మీటలు నొక్కేవాడు. బాయిలరు దగ్గర పనిచేసే దోస్తు ఢోలక్ పట్టుకుని వచ్చేవాడు. చక్కెర మిషను తిప్పే ఇంకొకాయన ఉర్దూ పాటలు పాడేవాడు. ముగ్గురివీ అవే చెవులు. బుల్‌బుల్ తారా గొంతెంత, చీమ దగ్గినంత. వాయిస్తున్నవాడికే వినపడేది కాదు. అందుకని దానికి మైకు తగిలించారు. మైకు తగిలిస్తే ఢోలక్ వినపడలేదని దానికో మైకు. అప్పుడు పాట వినపడలేదని పాడేవాడు గొంతు పెంచాడు. మా కాలనీలో కాకులు వాలడం మానేశాయంటే మీరు నమ్మరు.

తర్వాత నిజామాబాద్‌లో ఏదో సినిమాలో గిటారు చూసి వచ్చాడు. మర్నాడు నేను స్నానానికి పోతే పెరట్లో స్నానాల గదికి తలుపు లేదు. టేకు చెక్క కదా, పనికొస్తుందని ఊడదీశాడట. దాన్నే కోసి, చెక్కి, నున్నగా రుద్ది గిటారు చేశాడు. పాత మైకు విప్పి లోపలి ముక్కను తీగల కింద బిగించాడు. చాలా రోజులు మేము గోనెపట్టా అడ్డం కట్టుకుని స్నానాలు చేశాం. నేను తిట్టని తిట్టు లేదు. ఆయన మాత్రం ఆ చెక్కను కొత్తగా పుట్టిన బిడ్డను చూసినట్టు చూసుకునేవాడు. వాయిస్తే అది బొంగురు గొంతుతో గర్జించేది. మైకుసెట్టు మోయలేనంత పెంచితే వచ్చే గర్జన అది. అది చెడిపోయిన మోత అని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళ చెవులకు సరిగ్గా ఆనింది అదే.

గిటారు వచ్చాక మొదటి పెళ్ళి ప్రోగ్రాము డిచ్‌పల్లి దగ్గర ఒప్పుకున్నారు. నేనూ వెళ్ళాను. వరుడు గుర్రమెక్కి వస్తున్నాడు. వీళ్ళు మొదలుపెట్టారు. గుర్రం బెదిరి, వరుడితో సహా చెరుకు తోటలోకి పారిపోయింది. ఆడవాళ్ళంతా రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో మా ఆయన మొహం వెలిగిపోతోంది.

"సూసినవా, జనం నెత్తికి చేతులు వెట్టుకుని ఎట్ల ఇన్నరో."

"నెత్తికి గాదయ్యా, చెవులు మూసుకున్నరు. మీకు మిల్లు చెవులు గని, లోకానికి మామూలు చెవులున్నయి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేరే మగవాడైతే ఆ మాటకు నాతో మాట్లాడడం మానేసేవాడు. ఆయన, "అయితే నువ్వు మా చెవివి. రేపటి నుంచి ప్రతి ప్రోగ్రాముకు రావాలె" అన్నాడు. అలా నాకు ఉద్యోగం దొరికింది, జీతం లేని ఉద్యోగం. ఆడవాళ్ళ మధ్య నిలబడేదాన్ని. నేను కొంగు నెత్తిన వేసుకుంటే మోత తగ్గించాలి, భుజం మీదికి దించితే పెంచాలి. సంగీతం నాకేం వచ్చు, ఓనమాలు కూడా రావు. కానీ ఏది చెవికి ఎక్కుతుందో, ఏది గుచ్చుతుందో చెప్పడానికి పాండిత్యం ఎందుకు? వాళ్ళు నేను చెప్పినట్టల్లా విన్నారు. బ్యాండు మెరుగైంది. బాల్కొండ నుంచి, ఆర్మూర్ నుంచి, సరిహద్దు అవతలి మరాఠీ ఊళ్ళ నుంచి కూడా పిలుపులొచ్చాయి. జనం "మిల్లు బ్యాండు" అన్నారు, వీళ్ళు వేరే పేరు పెట్టుకోలేదు.

ఒకసారి ఒక ఇంజనీరు గారి కొడుకు హైదరాబాద్ నుంచి విదేశీ రికార్డు ఒకటి తెచ్చి, వీళ్ళను కూర్చోబెట్టి వినిపించాడు. డ్రమ్ములు, గిటార్లు, అరుపులు. బాయిలరు ఆయన లేచి నిలబడి, "గిది మన మిల్లే గదరా" అన్నాడు. దీన్ని హార్డ్ రాక్ అంటారని ఆ పిల్లవాడు చెప్పాడు. నేను ఇంటికొచ్చి, "గట్టి రాయి అట అత్తా" అంటే, "అవ్ మరి, నెత్తికి తాకినట్టే ఉంటది" అంది మా అత్త. ఎక్కడో సముద్రాలవతల గొప్పగా చెప్పుకునే మోతను బోధన్‌లో మావాళ్ళు ఎవరూ నేర్పకుండానే వాయించారు. ఆ మాట ఎవరితో చెప్పినా నా ఛాతీ ఇంత వెడల్పవుతుంది.

ఆ బ్యాండులో మనుషులు మారుతూనే ఉన్నారు. పాడే ఆయన బొంబాయి మిల్లులకు పోయాడు. ఢోలక్ పోయి డ్రమ్ములు వచ్చాయి, డ్రమ్ముల మనిషీ మారాడు. ఒకతనికి పెళ్ళయ్యింది, అల్లుడు రోడ్ల మీద వాయిస్తే పరువు పోతుందని మామ అడ్డుపడ్డాడు. నిజామాబాద్‌లో ఎన్ని మేళాలు ఇలా ఒక్క మనిషి పోతే విడిపోయాయో. మాది విడిపోలేదు. దానికి కారణం ఫ్యాక్టరీ కట్టుబాటు ఒకటి. డ్యూటీ అయిపోయి సైరను కూత కూసినా, తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవరు, వచ్చి చార్జి తీసుకునేదాకా మిషను వదిలి కదలకూడదు. ఆ కట్టుబాటునే మా ఆయన బ్యాండులోకి తెచ్చాడు. పోయేవాడు పోవచ్చు, ఎవరినీ పట్టి ఉంచం. కానీ తన జాగాలోకి ఒకణ్ణి తెచ్చి, తనకు వచ్చిందంతా నేర్పి, చార్జి ఇచ్చి పోవాలి. ఇష్టం లేక పోయినవాళ్ళు కూడా ఆ మాట తప్పలేదు. బొంబాయి పోయిన ఆయన, రైలెక్కే రోజు పొద్దుటి దాకా మా మెట్ల మీద కూర్చుని కొత్తవాడికి పాటలు అప్పజెప్పాడు. మా ఆయన ఎవరినీ కసురుకోలేదు, ఎవరి మీదా కక్ష పెట్టుకోలేదు. ఇంట్లో నేనే కసురుకోవడం, ఆ వాటా కూడా నాదే.

పిల్లలు హైస్కూలుకొచ్చేసరికి ఆయన చెవులు బాగా దిగజారాయి. నిజామాబాద్ తీసుకుపోతే డాక్టరు చూసి, లోపలి నరం దెబ్బతిన్నదన్నాడు. పోయింది రాదు. ఉన్న కాస్తయినా మిగలాలంటే మోతకు దూరంగా ఉండాలన్నాడు. ఫ్యాక్టరీలో అడిగితే మిల్లు నుంచి తీసి స్టోరు గదిలో వేశారు. ఇక మిగిలింది బ్యాండు. సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"బంద్ చేస్త. గని నా జాగల వచ్చెటోడు నాకన్న తక్కువ కొట్టొద్దు. తక్కువ కొడితే బ్యాండు నిలవడది. నాకు సరిగ ఇనవడ్తలేదు, బ్యాండోళ్ళకూ అంతే. నువ్వు ఇని చెప్పు. నువ్వు సరే అన్ననాడు చార్జి ఇస్త. అప్పటిదాంక కొడ్త."

అంటే ఆయన చెవులు నా నోటి మాట మీద నిలబడ్డాయి.

కొత్తగా వచ్చినవాడు చెరుకు కాంటా దగ్గర తూకం వేసే కుర్రవాడు. నన్ను వదినా అని పిలిచేవాడు. ఆరుబయట పని కదా, చెవులు పదునుగా ఉన్నాయి. అదే మాకు చిక్కయింది. గిటారు తీగ గట్టిగా మీటగానే తనే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. మా ఆయన ఓపిగ్గా వేళ్ళు పట్టుకుని చూపించేవాడు, మళ్ళీ చూపించేవాడు. నేను పొయ్యి దగ్గర నుంచి అరిచేదాన్ని.

"అన్నం తింటలేవా? దోమను తోలినట్టు కొడ్తవేందిరా?"

"చెవులు గుయ్యిమంటున్నయి వదినా."

"అనని. మీ అన్నకు గుయ్యిమనుడు గూడ ఇనవడ్తలేదు."

నెలలు గడుస్తున్నాయి. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. ప్రతి ప్రోగ్రాముకూ మా ఆయనే ఆ మోత పక్కన నిలబడుతున్నాడు. ప్రతిసారీ ఇంటికొచ్చాక నేను ఆయన మొహం వంక చూసేదాన్ని, ఇవ్వాళ ఎంత పోయిందోనని.

ఒకరోజు అత్త నన్ను పక్కకు పిలిచింది. "పిచ్చిదానా, పోరడు మంచిగ కొడుతున్నడని ఒక్క మాట చెప్పు. ఆనికేమన్న ఇనవడుతదా? చెవులన్న మిగులుతయి."

ఆమె చెప్పింది తప్పు కాదు. తల్లి కదా. నాకూ ఆ మాట నాలుక చివరి దాకా ఎన్నిసార్లు వచ్చిందో. కానీ చెప్పలేకపోయాను. ఈ మనిషికి రేపు ఈ చెవులు పూర్తిగా పోతే లోకంలో ఏం జరుగుతుందో నేను చెబితేనే తెలియాలి. పిల్లలు ఏమన్నారో, వాన పడుతోందో లేదో, గుమ్మంలో ఎవరు పిలిచారో అన్నీ నేనే చెప్పాలి. ఇవ్వాళ ఇంత పెద్ద విషయంలో అబద్ధమాడితే, రేపు ఆయన నా ఏ మాట పట్టుకుని బతకాలి? అత్తతో ఇదంతా చెప్పే ఓపిక లేక, "నా నోటికి రాదత్తా" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని పోయింది, కొన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు.

చలికాలంలో చెరుకు సీజను మొదలైంది. బాయిలరుకు పూజ చేసి నిప్పు వేసిన రోజు మధ్యాహ్నం కాలనీ మైదానంలో మా బ్యాండు. కుర్రవాడు తనే వచ్చి, "వదినా, ఇయ్యాల నేను కొడ్త. అన్నను నీ పక్కన కూసోవెట్టుకో" అన్నాడు. మా ఆయన గిటారు వాడి మెడలో వేసి, బెల్టు సరిచేసి, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఊరుకోవడం లేదు.

వాడు మొదలుపెట్టాడు. మోత బాగానే ఉంది, మా ఆయన మోతలాగే ఉంది. తల ఊపుతూ వింటున్నాను. ఉన్నట్టుండి డ్రమ్ములు ఆగాయి. వాడు ఒక్కడే, తీగ మీద వేలితో మెల్లగా, చాలా మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. ఆ బ్యాండులో ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ వినని సంగతి అది. మిల్లు చెవులవాళ్ళకు మెల్లనిది వినపడదు కనుక వాళ్ళెవరూ అటు పోలేదు. మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. చంకలో పిల్లలున్న తల్లులు కూడా ఊగడం ఆపారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "వైరు ఊడింది" అంటూ మైకుసెట్టు వైపు రెండడుగులు వేశాడు. చెయ్యి పట్టుకుని లాగాను. అప్పుడే గిటారు, డ్రమ్ములు, గొంతు అన్నీ కలిసి విరుచుకుపడ్డాయి. అంత మెత్తని దాని తర్వాత ఆ మోత ఎంత పెద్దదైందో చెప్పలేను. నా ఒంటి మీద వెంట్రుకలు నిలబడ్డాయి. అది ఆయనకూ వినపడింది, మైకుసెట్టు సంగతి మరిచి వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పాట అయిపోయాక నా వైపు వంగి అడిగాడు. "నడుమ ఎందుకు బంద్ వెట్టిండు?"

"బంద్ వెట్టలే. మెల్లగ కొట్టిండు. నీకు ఇనవడలే."

ఆయన కాసేపు వాడి వేళ్ళ వంక చూశాడు. "ఎట్లున్నది?"

చెప్పకపోతే ఆయన రేపు కూడా ఆ మోత పక్కన నిలబడతాడు. చెబితే ఆయనకు ఇక బ్యాండు లేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి నిజం చెప్పాను. "నీకన్న మంచిగ కొట్టిండు."

"ఏందీ?"

"నీకన్న మంచిగ కొట్టిండయ్యా."

"ఇంకోపారి చెప్పు."

ఇక తప్పదని గొంతెత్తి అరిచాను. మైదానంలో అందరూ మా వైపు తిరిగారు. కుర్రవాడు గిటారు పట్టుకుని తల వంచుకున్నాడు, డ్రమ్ముల ఆయన పుల్లలు కింద పెట్టేశాడు. ఇంతమందిలో కట్టుకున్నవాణ్ణి చిన్నబుచ్చానని నాకు ఏడుపొచ్చింది.

మా ఆయన కళ్ళు తుడుచుకుని నవ్వుతున్నాడు.

"ఏడువకే," అన్నాడు, జీవితంలో మొదటిసారి అంత మెల్లగా. "అందరు ఇనాలని అరిపిచ్చిన. నాకు మొదటిపారే ఇనవడ్డది."