తాత వరుస ఆగే చోటు

తాత పోతూ నాకు రెండే ఇచ్చిపోయాడు, ఒక ఫిడేలు, దాని మీద వాయించే ఒక వరుస. ఆ వరుస సగంలో టక్కున ఆగుతుంది. రెండు ఊపిర్ల సేపు ఏమీ ఉండదు, మళ్లీ అందుకుంటుంది. ఆ ఖాళీలో మా నాయన కళ్లు మూసుకుని దండం పెట్టేవాడు. గోదావరి ఒడ్డున పడుకుంటే రాముడే కలలోకి వచ్చి తాతకు ఆ వరుస చెప్పాడని, ఆగిన చోట స్వామి కనిపిస్తాడని, ప్రతి శ్రీరామనవమికీ మా ఊరి పందిట్లో చెప్పేవాడు. మైకు దొరికితే ఆయనకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో నాకు భద్రాచలం దారిలో, అడవి అంచు ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఓ ఆదివారం సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని ఆ వరుస వాయిస్తున్నాను. దారిన పోతున్న ఒక ముసలమ్మ కట్టెల మోపు దించి నిలబడింది. ఖాళీ రాగానే కుడిచెయ్యి ఎత్తి గిర్రున తిప్పి నా వైపు విసిరింది. నేను ఉలిక్కిపడి తల వంచుకున్నాను.

"ఏందవ్వా, గట్ల చేసినవ్?"

"రాయి ఇసిరిన బిడ్డా. ఇది జొన్నచేను కాడి పాట. మంచె మీద కూసోని పాడతం, ఈడ ఆపి ఒడిసెల తిప్పుతం. చిలకలు లేస్తయ్. మల్ల పాడతం. నీకెవలు నేర్పిన్రు?"

"మా తాత. ఆయనకు రాముడు చెప్పిండంట."

"అయితే రాముడు గూడ చేను కాసిండా?" అని పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపుకున్నాక మెల్లగా చెప్పింది. "కరువుల కింది ఊర్లోళ్లు గిన్నెడు జొన్న గట్క కోసం మా చేన్లు కాసిన్రు. మా అమ్మ చెప్పేది. మీ తాత గూడ వచ్చిండేమో."

నవమికి ఇంకా నాలుగు రోజులున్నాయి. చెబితే నాయన చెప్పుకునే ఆ కల పోతుంది. చెప్పకపోతే పందిట్లో నాకు నవ్వు ఆగదు. నా నోట్లో నువ్వుగింజ నానదు, ఇంటికెళ్లి చెప్పేశాను. నాయన లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. రెండు రాత్రులు అక్కడే పడుకున్నాడు. ఆయన ఇన్నేళ్ల గొప్పను చిలకల పాలు చేశానని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నవమి పొద్దున తనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీ తాత ఆ ఆగే కాడికి రాంగనే కమాను ఎత్తి చెయ్యి గిట్ల ఇసిరేటోడు. అది స్టైల్ అనుకున్న. గట్కకు పోయిన ముచ్చట నాతోని ఒక్కనాడు అనలే."

పందిట్లో మైకు తీసుకున్నాడు. "మా నాయన ఆకలికి చేను కాసి నేర్చుకున్న వరుస ఇది" అని కూర్చున్నాడు. ఆయన ఒక్క మాటతో మైకు వదలడం ఊరు అదే మొదటిసారి చూసింది. నేను వాయించాను. ఖాళీ వచ్చింది. నాయన దండం పెట్టలేదు. చెయ్యి ఎత్తి, గిర్రున తిప్పి విసిరాడు. ముందు కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి తల వంచుకున్నాడు.

ఇంటికి వస్తుంటే దారిలో అన్నాడు, "కనిపించిండు."

"ఎవరు, రాముడా?"

"కాదు బిడ్డా. మా నాయన."