ఆమె ఇచ్చిన దబ్బనం

అనంతపురం బస్టాండులో బెంగళూరు విమానాశ్రయం బస్సు కోసం కూర్చున్నాను. పక్కన నలభై ఏళ్లావిడ అట్టపెట్టెకు గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుడుతోంది. రాప్తాడు పక్కన పల్లె అట. బోరు ఎండిపోయి, మళ్లీ కువైట్‌కు ఇంటిపనికి పోతోంది.

"ఈసారి పవర్‌బ్యాంకు శనక్కాయల పొడి డబ్బాలో దాసినా అన్నా. ఆ వాసనకు కువైట్ మేడమ్ డబ్బా ముట్టుకోదు."

నియమాలు చెప్పడం నాకు సరదా. బ్యాటరీలు లగేజీలో వేయకూడదని, విమానం కింది అరలో అంటుకుంటే ఆర్పేవాళ్లుండరని, చేతిసంచిలోనే ఉంచుకోవాలని చెప్పాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చేతిసంచి అయితే గడప దాటతానే ఎతుకుతాది. పోయినసారి చార్జర్ పెరుక్కునింది, ఫోన్ ఆగిపోయె. మా నాయన సచ్చిపోయిన సంగతి నాకు నెల తర్వాత తెలిసె."

"ఏం చేస్తావమ్మా, రూలు అది," అన్నాను.

ఆమె కుట్లు విప్పి, పవర్‌బ్యాంకు తీసి సంచిలో వేసుకుంది. పెట్టెను మొదటి నుంచి మళ్లీ కుట్టింది. దారం తెంపి అడిగింది:

"ఆడ దిగినాంక దీన్ని మళ్లా డబ్బాలో పెట్టి పట్టా కుట్టేకి, దబ్బనం సంచిలో తీస్కపోనిస్తారా అన్నా?"

"పోనివ్వరు."

"అయితే నువ్వే పెట్టుకో," అని నా చేతిలో పెట్టింది. బస్సు రాగానే ముందు సీట్లోకి పోయి కూర్చుంది.

దబ్బనాన్ని ఆ గోనెపట్టాకే గుచ్చి లగేజీలో పంపవచ్చు. దానికి ఏ నియమమూ అడ్డు రాదు. ఆ సంగతి ఆమె విమానాశ్రయం లోపలికి వెళ్లిపోయాక గాని నాకు తోచలేదు.

దబ్బనం ఇంకా నా దగ్గరే ఉంది.